శ్యాంబాబు మాస్టారి ఆఖరి టైంటేబుల్

ఆ ఏడాది ఏప్రిల్‌లో శ్యాంబాబు మాస్టారికి ఒక్క మామిడిపండు కూడా రాలేదు.

ఇందులో మనసు కష్టపెట్టుకోవడానికి ఏముందని బయటివాళ్లకు అనిపించవచ్చు. కానీ నరసాపురానికి దగ్గర్లో, గోదావరి గట్టుకు ఆనుకుని ఉన్న ఆ మిషన్ హైస్కూల్లో అదొక ఆనవాయితీ. బడి ఆఖరి వారంలో టీచర్లు ఎవరి దొడ్లో పళ్లు వాళ్లు సంచిలో వేసుకుని జీవశాస్త్రం ల్యాబ్‌కు వచ్చేవారు. సంచి బల్ల మీద పెట్టి, కాసేపు ఎండల గురించి మాట్లాడి, లేచి వెళ్తూ వెళ్తూ అసలు మాట చెప్పేవారు.

"మాస్టారూ, నాకు ఆఖరి పీరియడ్ లేకుండా చూడండే. నాలుగున్నర బస్సు పోతే మళ్లీ ఆరింటికేనండి."

"భోజనాలయ్యాక ఎయిత్ బీ మాత్రం నాకివ్వకండి మాస్టారూ. సగంమంది కునికిపాట్లు, సగంమంది కబుర్లు."

పై ఏడాది టైంటేబుల్ వేసేది ఆయనే కాబట్టి ఈ మర్యాదలన్నీ. వాటిని అందరూ టైంటేబుల్ మామిడిపళ్లనే పిలిచేవారు. పళ్లు తినేసి, పీరియడ్లు మాత్రం తాను అనుకున్నట్టే వేస్తాడని ఆయన మీద ఒక అభాండం ఉంది. అది చాలావరకు నిజమే.

పంతొమ్మిదేళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. తెల్ల డ్రాయింగు షీటు, స్కేలు, మెత్తటి పెన్సిలు, రబ్బరు. ఫార్మలిన్ సీసాల్లో నిలువ ఉన్న పాముపిల్లనీ వానపామునీ పక్కకు జరిపి, బల్ల మీద షీటు పరిచేవాడు. పది సెక్షన్లు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. నాలుగు వందల ఎనభై గళ్లు. ఒక్క గడి కదిపితే ఇంకో మూడు కదులుతాయి. సెలవుల మొదటి వారమంతా దానికే సరిపోయేది.

ఆ గళ్లలో రోజుకు రెండింటిని మాత్రం ఆయన ఎప్పుడూ కదపలేదు. ఎనిమిది బి, తొమ్మిది బి సెక్షన్లకు మొదటి పీరియడ్ లెక్కలూ కాదు, సైన్సూ కాదు, ఇంగ్లీషూ కాదు. ఒకరికి ఆటలుంటే ఇంకొకరికి డ్రాయింగో, లైబ్రరీయో. ఎవరైనా ఎందుకని అడిగితే, "పొద్దున్న గ్రౌండు నీడగా ఉంటదండి" అనేవాడు. మరీ గుచ్చి అడిగితే, "ఇంకెక్కడా కుదర్లేదండి, మీరే చూసుకోండి" అని షీటు ముందుకు తోసేవాడు. నాలుగు వందల ఎనభై గళ్లు చూశాక ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

ఈ మే నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. మార్చిలోనే హెడ్‌మిస్ట్రెస్ ఆశాజ్యోతి గారు టైంటేబుల్ పని కృపారాణికి అప్పగించారు. ఫిజిక్స్ చెప్పే కృపారాణి ఆ బడికి వచ్చి రెండేళ్లయింది. ముప్పై దాటలేదు. మూడేళ్ల పాప ఉంది. స్టాఫ్‌రూంలో కూర్చున్నంతసేపూ ఫోను బోర్లా పెట్టి, రెండు నిమిషాలకోసారి తిప్పి చూస్తుంది, అంగన్‌వాడీ నుంచి పాపకు జ్వరమనో, పడిందనో కబురొస్తుందేమోనని. పని మాత్రం చురుకు. మామిడిపళ్ల సంచులు ఈసారి ఆమె కుర్చీ పక్కన చేరాయి.

ఆఖరి పనిదినం ఒంటిపూట బడి. పదకొండింటికల్లా పిల్లలకు ప్రోగ్రెస్ కార్డులిచ్చి పంపేశాక స్టాఫ్ అంతా పదో తరగతి గదిలో మీటింగుకు కూర్చున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి వేడిగానే ఉంది. ఆశాజ్యోతి గారు ముందుగా కబుర్లన్నీ చదివారు. సోషల్ సత్తిరాజు గారు డీఎస్సీలో సెలెక్టయ్యి నిడదవోలు వైపు వెళ్లిపోతున్నారు. హిందీ తబిత జూన్ నుంచి ప్రసూతి సెలవు మీద ఉంటుంది. టెన్త్‌లో అరవై రెండు మందికి యాభై ఏడుగురు పాసయ్యారు.

"శ్యాంబాబు గారి గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు," అన్నారు ఆవిడ. "సన్మానం మే ముప్పై ఒకటిన. ఆ రోజు ఏడుద్దాం. ఇవాళ పని చేద్దాం."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

పూర్వ విద్యార్థులు కొనిచ్చిన పెద్ద టీవీ మీద కృపారాణి కొత్త టైంటేబుల్ చూపించింది. ఒక్కో సబ్జెక్టుకూ ఒక్కో రంగు. ఎవరికీ వరసగా నాలుగు క్లాసులు లేవు. తబిత పీరియడ్లు ముగ్గురికి సర్దడం కూడా అయిపోయింది. పొద్దున్న పిల్లల బుర్ర తేటగా ఉంటుంది కాబట్టి అన్ని సెక్షన్లకూ మొదటి రెండు పీరియడ్లు లెక్కలు, సైన్సు వచ్చేలా వేశానని చెప్పింది.

"బాగుందమ్మా," అన్నారు లెక్కల అప్పారావు గారు. "ఇన్నాళ్లకి నాకు బీ సెక్షన్ పొద్దున్న దొరికింది."

"నన్ను మాత్రం మధ్యాహ్నం మూడింటికి ఎండలోకి తోసేరు," అన్నాడు డ్రిల్లు మాస్టారు పల్లంరాజు. "పర్లేదులెండి, నల్లగా ఉన్నోడికి ఇంకా నలుపు ఎక్కదు."

చప్పట్లు కొట్టారు. శ్యాంబాబు మాస్టారు కూడా రెండు చేతులూ కలిపాడు గానీ చప్పుడు రాలేదు. ఆయన కళ్లు ఎనిమిది బి, తొమ్మిది బి వరసల మొదటి గళ్ల మీద ఆగిపోయాయి. రెండింట్లోనూ నీలం రంగు. లెక్కలు.

ఇప్పుడు లేచి ఒక్క మాట చెబితే అయిపోతుంది. లేవలేకపోయాడు.

ఆయన పుట్టింది గోదావరి మధ్యలోని లంకలో. తండ్రి పొగాకు మళ్లల్లో కూలికి వెళ్లేవాడు. పడవవాడు కూరగాయల బుట్టలన్నీ ఎక్కించుకున్నాకే పిల్లల్ని ఎక్కనిచ్చేవాడు. ఒడ్డున దిగి పరిగెత్తుకొచ్చేసరికి ఇదే బడిలో మొదటి పీరియడ్ సగం పైన అయిపోయేది. మొదటి పీరియడ్ ఎప్పుడూ లెక్కలే. ఆయన లెక్కల్లో ఒకసారి తప్పాడు, రెండోసారి ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కాడు. చెట్లూ పురుగులూ చదువుకుని టీచరై ఇదే బడికి తిరిగి వచ్చాక కూడా లంక పిల్లలు అలాగే రొప్పుతూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడటం చూశాడు. జూన్ దాటాక బడిలో చేరినవాళ్లని బి సెక్షన్‌లో వేయడం ఆ బడి అలవాటు. అందుకని వాళ్లందరూ బీల్లోనే ఉండేవారు.

మొదట్లో ఆయన నోరు తెరిచే చెప్పాడు. ఇలాంటి మీటింగులోనే, అప్పటి హెడ్‌మాస్టరు గారితో, పడవ పిల్లలకి మొదటి పీరియడ్ మార్చమని. దాంతో ఆలస్యంగా వస్తున్నది ఎవరో హెడ్‌మాస్టరు గారికి కచ్చితంగా తెలిసిపోయింది. మర్నాటి నుంచి తొమ్మిదింటికి గేటుకు తాళం పడింది. తొమ్మిదో తరగతి చదివే ఎస్తేరు అనే పిల్ల నాలుగు రోజులు గేటు బయట నిలబడి, అయిదో రోజు నుంచి రావడం మానేసింది. తర్వాతి ఏడాది టైంటేబుల్ పని తన చేతికి రాగానే ఆయన ఎవరికీ చెప్పకుండా ఆ రెండు గళ్లూ మార్చేశాడు. గేటు తాళం కొత్త హెడ్‌మాస్టరుతో పోయింది. గళ్లు మాత్రం ఉండిపోయాయి.

ఒకసారి లెక్క వేసి చూసుకున్నాడు కూడా. రోజుకు ఇరవై అయిదు నిమిషాలు, ఏడాదికి రెండు వందల రోజులు. అయిదు వేల నిమిషాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లు నూట పదకొండు. నూట పదకొండు లెక్కల క్లాసులు పోయిన పిల్లకి లెక్కలు రావని ఎలా అంటాం?

ఆ నూట పదకొండూ ఇప్పుడు టీవీ మీద నీలం రంగులో వెలుగుతున్నాయి. తాను మే నెలాఖరుకు వెళ్లిపోతాడు. చెబితే మళ్లీ గేటుకు తాళం పడుతుందేమో. చెప్పకపోతే గడి ఎలాగూ పోయింది.

మీటింగు భోజనాలకు ఆగింది. పులిహోర పొట్లాం పట్టుకుని ఆయన ల్యాబ్‌కు వెళ్లిపోయాడు. అయిదు నిమిషాలకే కృపారాణి వచ్చింది, చంకలో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను.

"మాస్టారూ, మీకు నచ్చలేదు కదా?"

"భలేదానివే. అందరూ మెచ్చుకున్నారుగా."

"మీరు మెచ్చుకోలేదు. చప్పట్లు కొట్టినట్టు చేతులు కలిపేరు, అంతే. నేను మిమ్మల్నే చూస్తున్నానండి." స్టూలు లాక్కుని కూర్చుంది. "తప్పుంటే ఇప్పుడే చెప్పండి. జూన్‌లో తెలిస్తే నా పరువు పోద్ది."

ఆయన పులిహోరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. పడవ, లెక్కలు, గేటు, ఎస్తేరు, రెండు గళ్లు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి అంతా ఒకరికి చెప్పడం.

కృపారాణి మధ్యలో ఒక్కసారి కూడా ఫోను తిప్పి చూడలేదు. అంతా విన్నాక నెమ్మదిగా అంది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. లంక నుంచి ఇప్పుడు పడవ మీద ఎవరూ రావట్లేదు."

"రావట్లేదేంటి? తొమ్మిది బీలో ఇద్దరున్నారు కదా, లంక పిల్లలు."

"వాళ్లిద్దరూ మిషన్ హాస్టల్లో ఉంటారండి. ప్రార్థనకి మొదట వచ్చేది వాళ్లే. మిగతా వాళ్లంతా నాలుగేళ్ల కిందటే వెళ్లిపోయారంట. ఆ వరదకి లంక సగం కోసుకుపోయాక అవతలి గట్టు మీద ఇళ్లు కట్టుకున్నారు. పిల్లలు అక్కడి బళ్లోనే చదువుతున్నారు."

శ్యాంబాబు మాస్టారు నమ్మలేదు. లంక కోసుకుపోయిన సంగతి ఆయనకూ తెలుసు. ఆయన వాళ్లు ఎప్పుడో ఈ ఒడ్డుకు వచ్చేశారు, అక్కడికి వెళ్లి ఏళ్లయింది. కానీ ప్రతి మార్చిలోనూ అటెండరు సంపూర్ణమ్మను అడిగే కదా ఆయన ఆ గళ్లను ఉంచుతున్నది. మొదటి పీరియడ్‌లో ఆయన ఎప్పుడూ టెన్త్ వాళ్లతో మేడ మీద ఉంటాడు, గేటు కనిపించదు. గేటు దగ్గర లేటు పుస్తకం రాసేది సంపూర్ణమ్మే.

వరండాలో కుర్చీలు సర్దుతున్న సంపూర్ణమ్మను పిలిచాడు.

"సంపూర్ణమ్మా, మొన్న మార్చిలో నేనడిగితే రోజూ లేటొచ్చేవాళ్లు ఎంతమందన్నావ్?"

"పదకొండు మందండి."

"పోయినేడు?"

"ఎనిమిదో తొమ్మిదో. అలాగే చెప్పేనండి మీకు."

"మరి లంక పిల్లలు రావట్లేదని చెప్పలేదేం?"

సంపూర్ణమ్మ ఆయన వంక వింతగా చూసింది. "మీరెప్పుడూ ఎంతమందని అడిగేరండి. ఎవరని ఎప్పుడడిగేరు?"

శ్యాంబాబు మాస్టారు పులిహోర పొట్లాం మడిచి పక్కన పెట్టాడు. నాలుగేళ్లు. నాలుగేళ్లుగా తాను రాని పడవ కోసం గళ్లు కాపలా కాస్తున్నాడు. పిల్లలకు సూక్ష్మదర్శిని చూపించేటప్పుడు రోజూ చెప్పే మాట, కనబడిందే రాయండి, ఉండాలనుకున్నది రాయకండి అని. తాను నాలుగేళ్లుగా ఉండాలనుకున్నదే రాశాడు. ముఖం కడుక్కోవాలనిపించింది.

"అయితే ఇంకేముందమ్మా," అన్నాడు చివరికి. "నీ టైంటేబులే కరెక్టు. వదిలెయ్యి."

కృపారాణి వదలలేదు. "మరి ఈ పదకొండు మంది ఎవరండి?" అంది సంపూర్ణమ్మ వైపు తిరిగి. "పేర్లు నా దగ్గరున్నాయి, రిజిస్టర్లోంచి రాసుకున్నాను. వచ్చే ఏడు ఎనిమిది బీ, తొమ్మిది బీల్లో ఉండేవాళ్లే అందరూ. జూన్‌లో పేరెంట్స్‌ని పిలిపిద్దామని."

"పిలిస్తే ఎవరొస్తారండి? తల్లులు పొద్దున్న ఆరింటికే షెడ్డు బస్సెక్కేస్తారు."

"ఏ షెడ్డు?"

"రొయ్యల షెడ్డండి. తలకాయలు తీసే పని. చెరువులు పెరిగాక మా పేటలో ఆడోళ్లంతా అందులోనేగా. చంటోళ్లని పెద్దపిల్లలకి అప్పజెప్పి పోతారు. అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదింటికి. అక్కడ దింపి, రెండు కిలోమీటర్లు నడిచి రావాలి కదండి ఈళ్లు."

కృపారాణి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

"నేను వాళ్లని రోజూ చూస్తాను," అంది. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. "యూనిఫాంలో ఉంటారు. చంకలో పిల్లల్నేసుకుని గోడవారన నిలబడతారు. మా పాపని ఆయా ఎనిమిదిన్నరకే పక్క తలుపులోంచి తీసేసుకుంటది, టీచరమ్మ కూతురని. నేను స్కూటీ తిప్పుకుని వచ్చేస్తాను. వాళ్లు మన పిల్లలని తెలుసు. లేటు పుస్తకంలో పేర్లూ తెలుసు. ఆ రెండూ ఒకటేనని..."

మాట పూర్తి చేయలేదు. ముక్కు ఎర్రబడింది. సంపూర్ణమ్మ వెళ్లి కూజాలోంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

శ్యాంబాబు మాస్టారు బల్ల మీద వేలితో గళ్లు గీశాడు. కృపారాణి పేర్లు రాసుకుంది గానీ ఎందుకని అడగలేదు. తాను ఎందుకో తెలుసుననుకున్నాడు గానీ ఎవరని అడగలేదు. రెండూ తెలిసిన మనిషి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది, ఎవరూ ఆమెను మీటింగుకు పిలవలేదు.

"లే అమ్మా," అన్నాడు. "మీటింగు మొదలౌతుంది. సంపూర్ణమ్మా, నువ్వూ రా."

"నేనెందుకండి బాబూ?"

"రమ్మంటున్నాను కదా."

గదిలో అందరూ కూర్చున్నాక ఆయన లేచాడు. మొత్తం చెప్పాడు. తాను దాచిన సంగతి, తాను పొరబడిన సంగతి, అంగన్‌వాడీ గోడవారన నిలబడే పిల్లల సంగతి. ఆ రెండు గళ్లూ వాళ్లకోసం మళ్లీ మార్చమని అడిగాడు. అప్పారావు గారు నోరు తెరిచి విన్నారు. "పంతొమ్మిదేళ్లు నీడ, గ్రౌండు అని మమ్మల్ని నమ్మించేరా మాస్టారూ!" అన్నారు.

ఆశాజ్యోతి గారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శ్యాంబాబు గారూ, ఒక సంగతి. లేటుకి మనమే చోటిస్తే రేపు అందరూ లేటే రారా? అప్పుడు నేనేం చెయ్యాలి?"

ఆయన అనుకున్నదే అది. గేటు తాళం చప్పుడు చెవిలో మోగింది. అయినా కూర్చోలేదు.

"దొంగచాటుగా ఇస్తే వస్తారు మేడం గారూ. నేను చేసింది అదే. అందుకే కారణం పోయినా గడి పోలేదు. ఈసారి మినిట్స్ పుస్తకంలో రాద్దాం. ఎవరు, ఎందుకు అని పేరుపేరునా. ప్రతి జూన్‌లోనూ మళ్లీ అడుగుదాం. కారణం లేకపోతే గడి తీసేద్దాం. కానీ ఆ పిల్లలు బద్ధకంతో రావట్లేదు. మనకంటే మూడు గంటలు ముందే డ్యూటీ ఎక్కి వస్తున్నారు."

"అడిగేదెవరు? జూన్‌లో మీరుండరుగా."

"నేనడుగుతానండి," అంది కృపారాణి. "సంపూర్ణమ్మ గారిని కూడా కూర్చోబెట్టుకుని. మా పాపని కూడా ఇక తొమ్మిదింటికే దింపుతానండి. నాకు మొదటి పీరియడ్ లేకుండా చూసుకుంటాను. ఆ పావుగంట అక్కడే నిలబడితే ఎవరొచ్చేరో ఎవరు రాలేదో నాకే తెలుస్తది."

ఆశాజ్యోతి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "క్వార్టర్లీ పరీక్షల దాకా చూద్దాం. ఈలోగా అంగన్‌వాడీ వాళ్లని కాస్త ముందు తలుపు తీయమని నేను అడిగి చూస్తాను. వింటారని చెప్పలేను. పరీక్షల తర్వాత పిల్లల మార్కులు నాకు చూపించాలి. అప్పుడు ఉంచాలో తీయాలో తేలుద్దాం."

మాస్టారికి కావలసింది అంతకంటే ఎక్కువే. ఆవిడ ఇచ్చింది మాత్రం అంతే. ఆయన తల ఊపాడు.

"అయితే నాకు పొద్దుటి నీడ మళ్లీ వచ్చినట్టేనాండి?" అన్నాడు పల్లంరాజు. "ఇంతకీ మామిడిపళ్లు ఎవరికివ్వాలో ఎవరైనా చెప్పండే, రెండు సంచులు తెచ్చేను." ఈసారి ఆశాజ్యోతి గారు కూడా నవ్వారు.

మినిట్స్ పుస్తకం ఆయన ముందు పెట్టారు. ఆయన సంపూర్ణమ్మకు పక్కన కుర్చీ చూపించాడు. ఆవిడ అంచు మీద కూర్చుంది. ఒక్కో పేరూ చెబుతుంటే ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ పోయాడు. పేరు, తరగతి, దింపవలసిన బిడ్డ పేరు, తల్లి పనిచేసే చోటు.

ఆరో పేరు దగ్గర కలం ఆగింది.

"లావణ్యా? ఏ లావణ్య? ఎనిమిది బీ, మొదటి బెంచీలో కూర్చునే పిల్లా?"

"ఆ పిల్లేనండి."

పువ్వు అడ్డుకోత బొమ్మ క్లాసులో అందరికంటే శుభ్రంగా వేసే పిల్ల. మూడో పీరియడ్‌లో తన ఎదురుగా, రెండడుగుల దూరంలో, రెండేళ్లు కూర్చుంది. పొద్దున్న ఏమయిందని తాను ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పేదే.

ఆయన ఆ పేరు రాసి, పక్క గడిలో కలం ఆనించాడు.

"చంటివాడి పేరేంటి సంపూర్ణమ్మా?"

"వాడు కాదండి, చెల్లి," అంది సంపూర్ణమ్మ, కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చుంటూ. "రాసుకోండి, చెబుతాను."